నెఫ్రాలజిస్టును అడగాల్సిన ఐదు ప్రశ్నలు: పదో తరగతి జీవశాస్త్రం పేపరు కూర్చేవారికి బహిరంగ లేఖ

పదో తరగతి జీవశాస్త్రం ప్రశ్నపత్రాలు కూర్చే పెద్దలకు, వాటికి ‘కీ’ రాసే తోటి ఉపాధ్యాయులకు,

నమస్కారం.

నేను నల్లగొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు బయాలజీ టీచర్ని. ఉద్యోగంలో చేరి ఇరవై రెండేళ్లయింది. మీలో చాలామంది కూడా నాలాగే చాక్‌పీసు పట్టుకుని, వేసవి మొదట్లో స్పాట్‌కు వెళ్లి, ఎరుపు పెన్నుతో రోజుకు నలభై పేపర్లు దిద్దేవాళ్లే. కాబట్టి మీకు తెలియని సంగతులేవో చెప్తానని కాదు. స్పాట్ క్యాంపులో టీ తాగుతూ మనం మాట్లాడుకునేవే ఒకసారి కాగితం మీద పెడుతున్నాను.

ఒక ఏడాది నాకు వచ్చిన కట్టలో నాలుగు మార్కుల ప్రశ్న ఒకటి ఉంది. విసర్జన పాఠంలోది. నెఫ్రాలజిస్టును, అంటే మూత్రపిండాల డాక్టరును, కలిస్తే మూత్రపిండాల గురించి ఏమేం ప్రశ్నలు అడుగుతావు అని. మనందరికీ పాత చుట్టమే ఆ ప్రశ్న. పేపర్లు తిప్పుతూ పోతున్నాను. మొదటి పిల్లవాడు అడిగినవే రెండోవాడూ అడిగాడు. మూత్రపిండాల్లో రాళ్లు ఎందుకు ఏర్పడతాయి, రోజుకు ఎంత నీరు తాగాలి, డయాలసిస్ అంటే ఏమిటి, మూత్రపిండ మార్పిడి ఎప్పుడు చేస్తారు, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి. వరుస కూడా మారలేదు. ఏ గైడులోనో అచ్చుతప్పు పడినట్టుంది, ‘డయాలసిస్’ బదులు ‘డయాసిలిస్’ అని ఉంది. ఆ తప్పుతో సహా ఎనిమిది మంది రాశారు. ఎనిమిది మందికీ నాలుగుకు నాలుగు వేశాను. కీ ప్రకారం వెయ్యాలి మరి.

తొమ్మిదో పేపరో పదో పేపరో గుర్తులేదు, అందులో ఒకే ఒక్క ప్రశ్న ఉంది. “మా తాతకు వారానికి మూడుసార్లు డయాలసిస్ చేస్తున్నరు. ఒక్కోసారి నాలుగు గంటలు. మంచి కిడ్నీ రాత్రీ పగలూ పనిచేస్తది కదా. మరి మిషిను వారానికి పన్నెండు గంటలే పనిచేస్తే మిగతా రోజుల మురికి ఎక్కడ ఉంటది?”

రెండుసార్లు చదివాను. ఇరవై రెండేళ్లలో ఏ విద్యార్థీ నన్ను అడగని ప్రశ్న అది. డయాలసిస్ పేషెంట్లకు నీళ్లు కొలిచి ఎందుకిస్తారో, అరటిపండు, కొబ్బరినీళ్లు వద్దని ఎందుకంటారో, మిషిను మీదికి వెళ్లే రోజు పొద్దున మనిషి ఎందుకు బరువుగా, ఆయాసంగా ఉంటాడో, అన్నీ ఆ ప్రశ్న కడుపులోనే ఉన్నాయి. కీలో ప్రశ్నకో మార్కు చొప్పున నాలుగు ప్రశ్నలకు నాలుగు మార్కులు. ఆ బిడ్డ ఒక్కటే రాసింది. ఒక మార్కు. వేసింది నేనే. ఎరుపు పెన్ను నాదే.

ఆ ఒక్క మార్కు గుర్తొచ్చినప్పుడల్లా ఈ లేఖ మనసులో రాసుకుంటూనే ఉన్నాను.

ఇక్కడ ఒక మాట న్యాయంగా ఒప్పుకోవాలి. 2014లో కొత్త పుస్తకం వచ్చినప్పుడు, దాని వెనక ఏడు విద్యా ప్రమాణాలు పెట్టినప్పుడు సంతోషపడ్డవాళ్లలో నేనొకదాన్ని. అంతకుముందు ఉన్నది ఖాళీలు పూరించుట, జతపరచుట, తేడాలు రాయుట. కొత్తగా విషయావగాహన పక్కన ప్రశ్నించడం వచ్చింది, ప్రయోగాలు వచ్చాయి, సమాచార నైపుణ్యాలు, బొమ్మలు, ప్రశంస, నిజజీవిత వినియోగం వచ్చాయి. పిల్లవాడు ప్రశ్న అడగగలడా లేదా అని పరీక్షలో చూడాలనుకోవడం చిన్న ఆలోచన కాదు. ఆ ఆలోచన చేసినవాళ్లకు ఇప్పటికీ దండం పెడతాను.

ఆ తర్వాత మనం చేసిందేమిటంటే, ప్రతి ప్రమాణానికీ వెయిటేజీ టేబుల్ గీశాం. టేబుల్లో పట్టే ప్రశ్నలు పాఠానికి నాలుగైదు కన్నా ఉండవు. మూడేళ్లలో అన్నీ అయిపోయి మళ్లీ మొదటికొచ్చాయి. నాలుగో ఏడు గైడువాడు వాటికి జవాబులు అచ్చేశాడు. ఐదో ఏడు మేమే వాటిని ‘వెనకబడిన పిల్లల కోసం కనీస మెటీరియల్’ అని జిరాక్స్ తీసి పంచాం. అడగాల్సిన ప్రశ్నలు బట్టీ. మెచ్చుకోవడం కూడా బట్టీ. “గుండె పనితీరును నీవెట్లా అభినందిస్తావు?” అంటే మా పదో తరగతి మొత్తం ఒకే గొంతుతో అభినందిస్తుంది. మనం తల్లి గర్భంలో ఉన్నప్పటి నుంచి చివరి శ్వాస వరకు గుండె విశ్రాంతి లేకుండా పనిచేయడం అద్భుతం అని. ఎన్ని వందలసార్లు దిద్దానో ఆ అద్భుతాన్ని.

అసలు అభినందన ఎట్లా ఉంటుందో చెప్తాను.

ప్రసరణ పాఠం వచ్చినప్పుడు ఆదివారం మటన్ షాపుకు వెళ్లి మేక గుండెకాయ తెచ్చి ఫ్రిజ్‌లో పెడతాను. (ఇంట్లోవాళ్లు ఆ ఒక్కరోజు ఫ్రిజ్ తెరవరు.) షాపతనికి ముందే చెప్పాలి. లేకపోతే అలవాటు చొప్పున పైన నాళాలు చెక్కేసి, గుండెకాయను రెండు చీలికలు చేసి ఇస్తాడు. “నాళాలు కొయ్యకుండా మొత్తం ఇవ్వు భయ్యా” అంటే మొదట్లో నవ్వేవాడు. ఇప్పుడు అడక్కుండానే “పదో తరగతి వచ్చిందా మేడం?” అని పక్కన పెడుతున్నాడు.

సోమవారం బోరు కుళాయి దగ్గర కడిగి, లోపలి గడ్డలు తీసి, పాత పేపరు మీద పెడతాను. చీపురు పుల్ల ఇచ్చి, ఏ నాళంలోంచి దూరిస్తే ఏ గదిలో తేలుతుందో చూడమంటాను. బృహద్ధమనిలోంచి పుల్ల పెడితే ఎడమ జఠరికలోకి దిగుతుంది. పుపుస ధమనిలోంచి పెడితే కుడి జఠరికలోకి. తర్వాత బ్లేడుతో నిలువునా కోస్తాం. కవాటాల అంచుల్ని కిందికి పట్టి ఉంచే తెల్లని దారాలు కనిపిస్తాయి. లాగితే తెగవు. “గాలికి గొడుగు తిరగబడకుండ కట్టినట్టున్నది మేడం” అన్నాడు ఒకడు. అగ్రద్వయ కవాటం, అగ్రత్రయ కవాటం అన్న పేర్లు వాడికి ఇప్పటికీ రావు. కానీ ఆ దారాలు దేనికో వాడికి వచ్చినంత బాగా నాకు బీఎస్సీలో రాలేదు.

ఒక అమ్మాయి రెండు జఠరికల్లో రెండు వేళ్లు పెట్టి, బొటనవేలితో గోడ నొక్కి చూసి, “ఈ దిక్కు మందంగున్నది, ఆ దిక్కు పల్చగున్నది” అంది. ఎందుకై ఉంటుందని అడిగాను. కాసేపు ఆగి చెప్పింది. “ఒకటి పక్కనున్న ఊపిరితిత్తులకే తోస్తది. ఇంకోటి కాలివేళ్ల దాక తొయ్యాలె.” తర్వాత పుస్తకంలో బొమ్మ చూసి మరో చిక్కు తెచ్చింది. “మరి పుస్తకంల మందం గోడ కుడి దిక్కు గీసిన్రు?” బొమ్మ మనకు ఎదురుగా నిలబడ్డ మనిషిది కాబట్టి అతని ఎడమ మన కుడి అవుతుందని చెప్తే, తన ముందు నిలబడ్డ స్నేహితురాలి ఛాతీ మీద చెయ్యి పెట్టి సరిచూసుకుంది.

ఇప్పుడు పబ్లిక్ పరీక్షలో ఈ పాఠం మీద వచ్చేది ఏమిటి? “గుండె నిలువుకోత పటం గీచి భాగాలు గుర్తించుము.” పిల్లలు యాభైసార్లు గీసి ఉంటారు. కళ్లు మూసుకుని గీస్తారు. బొమ్మలో ఎడమ జఠరిక గోడ ఎందుకు మందంగా గీశారని అడిగితే, “పుస్తకంల అట్లనే ఉంది” అంటారు. నా క్లాసులో బొమ్మ బాగా గీసేవాళ్లు వేరు, గుండె తెలిసినవాళ్లు వేరు. ఇద్దరూ ఒక్కరే అయిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మనం మొదటివాళ్లకే మార్కులు పెట్టాం.

పరిణామం భాగం ఇంకా ఆశ్చర్యం. ప్రకృతి వరణానికి మన పుస్తకంలో ఉదాహరణ బీటిల్స్. ఆకుపచ్చ పొదల్లో ఎర్ర బీటిల్స్, వాటిని తినే కాకులు, మధ్యలో పుట్టిన ఆకుపచ్చ బీటిల్. మంచి ఉదాహరణే. కానీ నా క్లాసులో సగం మంది పత్తి రైతుల పిల్లలు. ఒక ప్రీఫైనల్లో ఆ ప్రశ్న వచ్చింది. పేపర్లు బడులు మార్చుకుని దిద్దాం. మావాడు ఒకడు ఇలా రాశాడు. “బీటీ పత్తి వచ్చినప్పుడు పురుగు సచ్చింది. సావని పురుగులు కొన్ని మిగిలినయ్. వాటి పిల్లలకు గూడ బీటీ పని చేస్తలేదు. ఇప్పుడు గులాబీ పురుగే ఎక్కువ.”

నాలుగు మార్కులకు ఒకటి వచ్చింది. దిద్దిన టీచరును కలిసి అడిగితే, “బీటిల్స్ లేవు కద మేడం, కాకులు గూడ లేవు” అన్నారు. ఆయన తప్పేమీ కాదు, ఆయన ముందున్న కాగితం మీద అదే ఉంది.

కానీ చూడండి, వాడు రాసిన నాలుగు వాక్యాల్లో ఏముందో. ఒక గుంపు, దాంట్లో తేడాలు, ఒక విషం, మిగిలినవాటి సంతానం. డార్విన్ చెప్పిందంతా ఉంది. పైగా ఈ కథ బీటిల్స్ కథలాగా ఊహ కాదు, మన కళ్ల ముందు జరిగింది. బీటీ పత్తి అంటే, ఒక బ్యాక్టీరియా జన్యువును చేర్చి, కాయ తొలిచే పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునేలా చేసిన పత్తి. దేశంలో దానికి అనుమతి 2002లో వచ్చింది. ఒకే జన్యువున్న మొదటి రకాన్ని గులాబీ రంగు పురుగు తట్టుకుంటోందని 2010లో గుజరాత్‌లో బయటపడింది. 2006లో వచ్చిన రెండు జన్యువుల రకాన్నీ అది ఆ తర్వాత జయించింది. మా ఊళ్లలో మగ పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు కట్టని పత్తి చేను ఇప్పుడు తక్కువ.

ఇంకొక సంగతి. బీటీ విత్తనాల 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్ ఒకటి ఇచ్చేవారు. అది బీటీ కాని పత్తి. చేను చుట్టూ ఐదు వరుసలో, లేదా ఐదో వంతు విస్తీర్ణంలోనో దాన్ని వెయ్యాలని నియమం. ఎవరూ వెయ్యలేదు. గట్టు మీద పారేశారు, కొందరు చింపి చూడను కూడా లేదు. ఆ ప్యాకెట్ దేనికని పిల్లలను అడిగితే ఒక్క పీరియడ్ చాలదు. బీటీ లేని మొక్కల మీద విషం తగలని పురుగులు బతుకుతాయి. బీటీ చేలో చావకుండా మిగిలిన ఒకటీ అరా పురుగు వాటితో జతకడుతుంది. తట్టుకునే గుణం అంతర్గత లక్షణమైతే, ఆ పిల్లలకు అది పైకి రాదు, బీటీ కాయ తిని చస్తాయి. మెండెల్ బఠానీలూ డార్వినూ ఒకే 120 గ్రాముల ప్యాకెట్లో కూర్చున్నారు. వాళ్ల నాన్నలు గట్టు మీద పారేసింది అదే. మనం అడిగేదేమో “మెండెల్ తన ప్రయోగాలకు బఠానీ మొక్కనే ఎందుకు ఎన్నుకున్నాడు?” ఐదు కారణాలు. అవి కూడా వరుసగా.

బిట్ల సంగతి రెండు మాటల్లో చెప్తాను. నా తొమ్మిదో తరగతిలో ఒకసారి ఇలా చేసి చూశాను. మొక్కలు ఎప్పుడు శ్వాసిస్తాయి అని బిట్ ఇచ్చాను. పగలు మాత్రమే, రాత్రి మాత్రమే, రాత్రింబవళ్లు, అసలు శ్వాసించవు. సగానికి పైగా ‘రాత్రింబవళ్లు’ అని సరిగ్గానే పెట్టారు. బిట్ కింద ఇంకో గీత గీసి, “ఎందుకు?” అని రాయమన్నాను. సరిగ్గా పెట్టినవాళ్లలో చాలామంది రాసింది చూసి తల పట్టుకున్నాను. పగలు కార్బన్ డయాక్సైడ్ పీల్చి ఆక్సిజన్ వదులుతాయి, రాత్రి ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, అందుకే రాత్రింబవళ్లు శ్వాసిస్తాయట! అంటే కిరణజన్య సంయోగక్రియే వాళ్లకు పగటి శ్వాస. రాత్రి చింతచెట్టు కింద పడుకోవద్దన్న నాయనమ్మ మాట, మన పాఠం, రెండూ కలిసి ఒక ముద్దయ్యాయి. బిట్ పేపరు మాత్రం వాళ్లకు ఒక మార్కు ఇచ్చి, మీకు వచ్చేసిందని పంపించేస్తుంది.

జవాబుతో పాటు కారణం కూడా ఎంచుకోమనే ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. సరిగ్గా ఈ విషయం మీదే, మొక్కల్లో కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియల మీద, ఆస్ట్రేలియాలో హాస్లమ్, ట్రెగస్ట్ అనే ఇద్దరు హైస్కూలు పిల్లల కోసం రెండు అంచెల బిట్లు తయారుచేసి 1987లో ప్రచురించారు. మొదటి అంచెలో జవాబు, రెండో అంచెలో కారణం. కారణాల్లో తప్పువన్నీ పిల్లలు నిజంగా అనుకునేవే. దిద్దడానికి మామూలు బిట్ కన్నా ఒక్క నిమిషం ఎక్కువ పట్టదు. ఓఎంఆర్ మీద కూడా పెట్టొచ్చు. ఇన్నేళ్లలో మన పేపర్లో అలాంటి బిట్ ఒక్కటీ నా కంటపడలేదు.

ఇప్పుడు ఇంగ్లిష్ మీడియం వచ్చాక బట్టీ ఇంకా గట్టిపడింది. 2022-23లో సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది వరకు ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఆ ఎనిమిదో తరగతి పిల్లలే 2025లో పబ్లిక్ రాశారు. మీడియం మంచిదా చెడ్డదా అన్న వాదన నాకు వద్దు, తల్లిదండ్రులకు కావాలి, వచ్చింది. కానీ తెలుగులో అయితే పిల్లవాడు కనీసం “సావని పురుగులు మిగిలినయ్” అని సొంతంగా ఒక వాక్యం కట్టగలిగేవాడు. ఇంగ్లిష్‌లో సొంత వాక్యం కట్టలేడు కాబట్టి గైడు వాక్యమే గతి. గుండె చేత్తో పట్టుకుని చూసిన ఆ అమ్మాయికి కూడా అదే గతి. చేతికి తెలిసిన విషయం కాగితం మీదికి దిగడానికి దారి లేదు. పాఠ్యపుస్తకం ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్ వేస్తున్నాం కదా, జవాబు మాత్రం ఒక వాక్యం అటు, ఒక వాక్యం ఇటు రాస్తే ఏం పోతుంది? మనం పరీక్షిస్తున్నది జీవశాస్త్రాన్నే అయితే రెండు భాషలు కలిపి రాసిన జవాబును కూడా దిద్దమని కీలో ఒక్క లైను చాలు.

ఇక బడిలో మేమే వేసే 20 ఇంటర్నల్ మార్కులు. ఉంచాలా తియ్యాలా అని పెద్ద చర్చే జరిగింది. నా మటుకు నేను సిగ్గుపడుతూ చెప్పాల్సింది ఒకటే. నేనూ అందరికీ పంతొమ్మిది, ఇరవై వేశాను. పక్క మండలంలో అందరికీ ఇరవై వేస్తుంటే మా పిల్లలకు పదమూడు వెయ్యడానికి నాకు చేతులు రాలేదు. ప్రాజెక్టు రిపోర్టులు జిరాక్స్ షాపులో పుట్టి అక్కడే పెరుగుతున్నాయని అందరికీ తెలుసు. దాని గురించి ఇంతకన్నా రాయను.

“టీచరమ్మా, చూడని ప్రశ్న ఇస్తే రిజల్ట్స్ ఎవరు చూస్తారు?” అని మీరు అడుగుతారు. తెలుసు. నేను ఒకసారి స్కూల్లో పెట్టిన పరీక్షలో చూడని ప్రశ్న ఒకటి ఇచ్చాను. ముప్పావు వంతు మంది ఖాళీగా వదిలేశారు. మా హెడ్మాస్టరు గారు పేపరు తిరగేసి, “ఈ ఒక్క ప్రశ్నతో నాలుగు ఫెయిల్లు పెరిగినయ్ మేడం, జనవరిలో ఇసొంటి ప్రయోగాలు వద్దు” అన్నారు. ఆయన మంచివాడే. పాస్ పర్సంటేజీ తగ్గితే మీటింగులో నిలబడి సమాధానం చెప్పాల్సింది ఆయన.

కానీ ఖాళీగా వదిలేసినవాళ్లను తర్వాత పిలిచి అడిగాను. నోటితో అడిగితే సగం మంది చెప్పారు. మరి ఎందుకు రాయలేదు అంటే ఒకడు అన్న మాట: “గది మెటీరియల్ల లేదు కద మేడం, సిలబస్ బయటిదనుకున్న.” పత్తి చేను సిలబస్ బయటిది. మేక గుండె సిలబస్ బయటిది. పదేళ్లు కష్టపడి మనం పిల్లలకు నేర్పింది ఇది.

బట్టీ ప్రశ్నలు పేదపిల్లలకు మేలు చేస్తాయనే మాట నేను నమ్మను. నేనూ ఒకప్పుడు నమ్మాను. బట్టీలో గెలిచేది పొద్దున ఐదింటి నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు పెట్టే బళ్లు. మా పిల్లలు సాయంత్రం మేకలు తోలుకొస్తారు, సెలవుల్లో పత్తి ఏరుతారు, ఈనిన బర్రె మాయ పడిందా లేదా అని అర్ధరాత్రి లాంతరు పట్టుకుని చూస్తారు. జీవశాస్త్రంలో వాళ్లు ముందుండాలి. నెలల తరబడి కోచింగును, బట్టీని చూసే పరీక్షలు వద్దు, అసలు సామర్థ్యాన్ని చూసేవి కావాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా అంటోంది. విధానం ఢిల్లీ నుంచి దిగడానికి ఎన్నేళ్లు పడుతుందో గానీ, ప్రశ్నపత్రం మీ చేతుల్లోనే ఉంది.

నేను అడిగేది పేపరంతా మార్చమని కాదు. మాకు ఇప్పుడున్నది 40 మార్కుల పేపరు, గంటన్నర సమయం. అటు ఆంధ్రలో 50 మార్కులకు రెండు గంటలు. ఏ పేపరులోనైనా నాలుగు మార్కులు, ఒక్క నాలుగు మార్కులు, ఏ గైడులోనూ లేని ప్రశ్నకు ఇవ్వండి. చెప్పకుండా మీద పడెయ్యొద్దు. అలాంటి ప్రశ్న ఒకటి ఉంటుందని జూన్‌లోనే చెప్పండి, నమూనాలు ఇవ్వండి. మొదటి ఏడాది దాన్ని అదనపు ఛాయిస్‌గా పెట్టినా చాలు, భయం పోతుంది. పిల్లవాడు రోజూ చూసే జీవి ఉండాలి, ఎప్పుడూ చూడని ప్రశ్న ఉండాలి. అడిగిన తీరు ఏటా మారాలి, లేకపోతే నెఫ్రాలజిస్టుకు పట్టిన గతే పడుతుంది. బిట్లలో రెండు కారణంతో కలిపి అడగండి. నిలువుకోత పటం గీయమనడానికి బదులు, పేర్లు లేని పటం ఇచ్చి, కాలిలో ఇంజెక్షన్ ఇచ్చిన మందు మెదడుకు చేరాలంటే గుండెలో ఏ గదులు ఏ వరుసలో దాటాలో బాణాలు వెయ్యమనండి. వేసినవాడికి గుండె వచ్చినట్టే.

నా దగ్గర రెండు ప్రశ్నలున్నాయి, ఇక్కడే రాస్తున్నాను. పనికొస్తే వాడుకోండి, నా పేరు అక్కర్లేదు.

ఒకటి. మటన్ షాపులో మేక గుండెను కోసినప్పుడు రెండు జఠరికల ముక్కలు దొరికాయి. ఒక ముక్క గోడ 4 మిల్లీమీటర్లు, రెండోది 12 మిల్లీమీటర్లు. ఏది ఎడమది? ఎట్లా చెప్పగలవు? ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే నాళం సన్నబడి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతే, ఈ రెండు కొలతల్లో ఏది మారుతుందనుకుంటావు?

రెండు. ఒక ఊరి రైతులంతా బీటీ పత్తితో పాటు చిన్న ప్యాకెట్ విత్తనాలు కూడా వేశారు. పక్క ఊరివాళ్లు గట్టు మీద పారేశారు. మొదటి రెండేళ్లు పక్క ఊరికే దిగుబడి ఎక్కువ వచ్చింది. పదేళ్ల తర్వాత ఏ ఊరిలో గులాబీ రంగు పురుగు ఎక్కువగా ఉండొచ్చు? నీ కారణం రాయి. మొదటి రెండేళ్లు అలా ఎందుకు జరిగింది?

వీటికి కీ రాసేటప్పుడు ఒక్క విన్నపం. ‘పుపుస ప్రసరణ’, ‘దైహిక ప్రసరణ’, ‘ప్రకృతి వరణం’ అన్న మాటలు కింద గీతలు గీసి, అవి ఉంటేనే మార్కులు అని పెట్టకండి. “ఒకటి పక్కనున్న ఊపిరితిత్తులకే తోస్తది, ఇంకోటి కాలివేళ్ల దాక తొయ్యాలె” అని రాసినా, “సావని పురుగుల పిల్లలే మిగిలినయ్” అని రాసినా పూర్తి మార్కులు అని కీలోనే స్పష్టంగా అచ్చు వేయండి. కీలో అచ్చయి ఉంటే స్పాట్‌లో నా పక్క టేబుల్ మీద కూర్చునేవారు కూడా ధైర్యంగా వేస్తారు. నేనూ వేస్తాను.

ఇట్లు,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల జీవశాస్త్ర ఉపాధ్యాయిని ఒకరు,
నల్లగొండ జిల్లా